నిలబడి పోసిన చుక్కలు

కార్ల కింద పనిచేసేవాడికి మనుషులు కాళ్ల దగ్గర మొదలవుతారు. మొహాలు తర్వాత. మా వీధిలో ఎవరి చెప్పు ఏ వైపు అరిగిందో, ఎవరి మడమ ఎంత పగిలిందో నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఎప్పుడు చూసినా ఏదో ఒకదాని కింద దూరి ఉంటానని మా ఆవిడ నాకు పందికొక్కు అని పేరు పెట్టింది. పెట్టిన రోజు ముద్దుగానే పెట్టింది. తర్వాత వీధంతా వాడుకుంది.

నా పని పాత కార్లకి పట్టిన తుప్పు వదలగొట్టి, మళ్లీ పట్టకుండా పూత వెయ్యడం. గొప్పలు చెప్పుకోవడం నాకు గిట్టదు గాని, ఒకసారి నేను పూత వేసిన కారు ఏట్లో పడిపోయింది. ఏడాది తర్వాత తీద్దామని వెళ్తే, పైభాగమంతా తుప్పు తినేసింది, అడుగుభాగం మాత్రం పడవలా తేలుతోంది. దాని మీద ఒకాయన గొడుగు వేసుకుని కూర్చుని చేపలు పడుతున్నాడు. ఎంత బతిమాలినా ఇవ్వలేదు. ఇంత మంచి పడవ మళ్లీ నాకెక్కడ దొరుకుతుందని నన్నే అడిగాడు.

అంతటి పనిమంతుణ్ణి. అయినా మా మావగారు నన్ను ఒక్కసారి కూడా "బాగుంది" అనలేదు.

ఆయన పెద్ద మెకానిక్. షెడ్డు ఆయనదే. ఎంత గొప్ప పనికైనా ఆయన నోట వచ్చేది ఒకటే మాట, "పర్లేదు." పెద్ద కూతురు పుట్టినప్పుడు నర్సు తెచ్చి చేతిలో పెడితే పర్లేదన్నారట. ఆ పర్లేదే ఇప్పుడు మా ఆవిడ. నన్ను మొదటిసారి చూసినప్పుడు కూడా కాళ్ల నుంచి తల దాకా చూసి అదే మాట అన్నారు. నేను పొంగిపోయాను. ఆ ఇంట్లో అంతకంటే పెద్ద మాట ఉందని అప్పటికి నాకు తెలీదు.

ఉంది. ఏడేళ్ల కిందట ఒక మంగళవారం పొద్దున బయటపడింది. నాకు కాదు, నా తోడల్లుడికి.

అతను మా మరదలి మొగుడు. కార్లకి రంగులు వేస్తాడు. అతను రంగు వేస్తే అందులో మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చని అందరూ అతన్ని అద్దం అంటారు. ఇంట్లోకి కొత్తగా అల్లుడై వచ్చి, ఒక స్కూటరు పెట్రోలు ట్యాంకుకి రంగు వేశాడు. మావగారు దాని చుట్టూ ఒక్కసారి తిరిగి "బాగుంది" అన్నారు. నేను అప్పుడు ఒక లారీ కింద ఉన్నాను. ఆ మాట విని ఎంత జోరుగా లేచానంటే, నా తల తగిలి లారీ కదిలి రెండు గజాలు ముందుకెళ్లింది. డ్రైవరు లేడు. అడగండి కావాలంటే.

ఆ రోజు నుంచి నాకు అతనిలో అన్నీ కనబడటం మొదలెట్టాయి. పొడుగు. శుభ్రమైన గోళ్లు. నా ఒంటికి నల్ల పూత అంటితే వారం వదలదు, అతను మధ్యాహ్నం చేతులు కడుక్కుంటే పెళ్లికొడుకులా ఉంటాడు. మా పిల్లలు బాబాయ్ బాబాయ్ అని అతని మెడకే వేలాడతారు. మా ఇంటి కుక్క కూడా అతనొస్తే లేచి నిలబడుతుంది. నేనొస్తే తోక లేపుతుంది, అదీ సగం.

ఏడేళ్లు ఇలాగే గడిచాక మావగారు తన సొంత కారు ముసుగు తీయించారు.

నలభై ఏళ్ల కారు అది. గుండ్రటి లైట్లు, ఉబ్బిన బుగ్గలు. షెడ్డు వెనక మూల పదిహేనేళ్లుగా దుప్పటి కప్పుకుని పడుకుంది. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు మా అత్తగారు దాంట్లోనే వచ్చారు. దాన్ని బాగుచేయించి, ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని వాళ్లక్కగారింటికి తీసుకెళ్లాలని మావగారి కోరిక. ఇంజను ఆయన చూసుకుంటారు, రంగు అద్దానిది, అడుగూ, రేకుల మధ్య బోలుగా ఉండే డొల్లలూ నావి.

ఇదే సందు అనుకున్నాను. ఈసారి ఆ మాట నాకు రావాలి. రాకపోతే నా పేరు పందికొక్కే కాదు.

కారుని స్టాండ్ల మీదికి ఎత్తి, చెక్క మీద పడుకుని కిందికి దూరాను. ఆ చెక్కకి నాలుగు చిన్న చక్రాలుంటాయి, కాలితో తన్నుకుంటే జారుతుంది. సుత్తితో తడుతూ వెళ్లాను. మంచి రేకు గంటలా పలుకుతుంది, తుప్పు రేకు దగ్గుతుంది. ఆ కారంతా క్షయ పట్టినట్టు దగ్గింది. తలుపుల కింద గడపల్లా ఉండే డొల్లల్లోంచి రెండు తట్టల తుప్పు రాలింది. అంత బరువు పోయేసరికి కారు ఎక్కడ ఎగిరిపోతుందోనని తాడేసి కట్టాం. వెనక చక్రం పైనున్న డొల్లలో ఎలుకల సంసారం, నాలుగు తరాలది. పెద్ద ఎలుక బయటికొచ్చి నన్ను ఎగాదిగా చూసి, పిల్లల్ని తీసుకుని మర్యాదగానే ఖాళీ చేసింది.

నెల రోజులు గీకాను. కుళ్లిన రేకు కోయించి కొత్తది అతికించాం. తుప్పు మందు రాశాను, దాని మీద ఎర్ర పూత, దాని మీద చిక్కటి నల్ల పూత. మావగారు రోజూ పొద్దున్నే టార్చి పట్టుకుని, నా చెక్క మీద వెల్లకిలా పడుకుని కారు కిందికి వెళ్లేవారు. అరగంట రారు. బయటికొచ్చి ఏమీ అనరు. నా పనిలో తప్పు వెతుకుతున్నారని నాకు ఒళ్లు మండేది. అద్దం దగ్గర మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, ఒక చూపు చూసి వెళ్లిపోయేవారు. అతని మీద అంత నమ్మకం.

రంగు పని పూర్తయిన రోజు అద్దం కారుని బయటికి తోయించాడు. ముదురు ఆకుపచ్చ. వీధి వీధంతా వచ్చింది. నేను వెనక చక్రం దగ్గర ఒక నట్టు బిగించడానికి కిందికి దూరి ఉన్నాను. నాకు చెప్పులే కనబడ్డాయి. ఇరవై జతలు. అన్నిటి వేళ్లూ ముందు తలుపు వైపే తిరిగి ఉన్నాయి, ఒక్కటీ కిందికి వంగలేదు. డ్రైవరు పక్క సీటు తలుపు దగ్గర మా అత్తగారి చెప్పులు ఆగాయి. ఆవిడ తలుపులో చూసుకుని జుట్టు సర్దుకుంటోందని పక్కవాళ్లు నవ్వుతుంటే తెలిసింది. ఆ తర్వాత మావగారి బూట్లు వచ్చాయి. ఒక నిమిషం నిలబడ్డాయి.

"బాగుంది," అన్నారు.

రెండోసారి. ఒకే మనిషికి. నా ఛాతీ మీద నెలరోజుల నల్ల పూత చుక్కలు చుక్కలుగా ఎండి ఉంది. పైన అందరూ ఆ తలుపు ముందు మొహాలు చూసుకుంటున్నారు.

మర్నాడు నాకు ఆఖరి పని ఉంది. డొల్లల్లోకి మైనం కొట్టాలి. బయటి పూత ఎంత వేసినా, కారు లోపలి నుంచే కుళ్లుతుంది. తలుపుల పొట్టలో, గడపల్లో, దూలాల్లో చెయ్యి పట్టదు, కన్ను పట్టదు. అందుకని మైనం డబ్బాని వేణ్ణీళ్లలో పెట్టి పలచన చేసి, సన్నటి పొడుగాటి గొట్టం కన్నంలోంచి లోపలికి తోసి, మీట నొక్కుతూ మెల్లగా వెనక్కి లాగాలి. లోపలంతా మంచులా పరుచుకుంటుంది. ఎక్కువైన మైనం అడుగునున్న నీటి కన్నాల్లోంచి చుక్కలుగా కారుతుంది. మా షెడ్డులో ఒక పద్ధతి. కారు కింద చుట్టూ పాత పేపర్లు పరుస్తాం. మూడు రోజులు కారుని కదపం. మూడో రోజు పేపర్ల మీద పడ్డ చుక్కల్ని చదువుతాం. ఏ కన్నం కింద పేపరు పొడిగా ఉంటే ఆ డొల్లకి మైనం అందలేదని అర్థం. మైనం కొట్టినవాడు చుక్కలు చదవకూడదు, ఇంకొకడు చదవాలి. మావగారే చదువుతారు. పేపరులో అక్షరం ముక్క నాకు రాదు గాని, దాని మీద చుక్కలు మాత్రం కన్నాల పేర్లతో సహా చెప్పగలను.

అన్ని డొల్లలకీ మైనం కొట్టాను. ఆఖర్న డ్రైవరు పక్క సీటు తలుపు మిగిలింది. దాని ముందు కూర్చుంటే అందులో నా మొహం కనబడింది. చెవుల దగ్గర నలుపు, ముక్కు మీద నలుపు. గొట్టం లోపలికి తోశాను. మీట మీద వేలు పెట్టాను.

నొక్కలేదు.

వాన పడితే కిటికీ అద్దం పక్కనుంచి నీళ్లు తలుపు పొట్టలోకి దిగుతాయి. మైనం లేకపోతే రెండు వానాకాలాల్లో అడుగు అంచు కుళ్లుతుంది, పైన రంగు పొక్కులుగా లేస్తుంది. అప్పుడందరూ రంగువాణ్ణే అంటారు. డొల్లవాణ్ణి ఎవడూ అనడు. ఆ డొల్ల సంగతి ఎవడికి తెలుసు?

గొట్టం బయటికి లాగేశాను. ఒక పుల్ల మైనంలో ముంచి, పేపరు నేల మీద పెట్టి, దాని మీద ఏడు చుక్కలు వరసగా పోశాను. ఆ పేపరు తలుపు కిందికి జరిపాను. చాలా హుషారుగా ఇంటికెళ్లాను. ఆ రోజు కుక్క కూడా తోక పూర్తిగా లేపింది. తర్వాత చూస్తే నా వెనక అద్దం వస్తున్నాడు.

రెండో రోజు పొద్దున మావగారు మళ్లీ టార్చి పట్టుకుని కారు కిందికి జారారు. బయటికి వస్తూ కళ్లజోడు తీసి పక్కన పెట్టుకున్నారు, చెక్క చక్రం దాని మీదుగా ఎక్కింది. కటుక్కుమంది. రెండద్దాలూ పోయాయి. కొత్త జోడు రావడానికి వారం పడుతుందన్నారు. అందుకని మూడో రోజు చుక్కలు చదివే పని మావగారు అద్దానికి అప్పజెప్పారు.

ఆయన బల్ల మీద కూర్చున్నారు. అద్దం మోకాళ్ల మీద కూర్చుని ముందు చక్రం దగ్గర మొదలెట్టాడు. ఇక్కడ వచ్చింది మావయ్యా, ఇక్కడ బాగా కారింది మావయ్యా, అని చెప్పుకుంటూ కారు చుట్టూ పాకాడు. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. నాకేమీ భయం లేదు, ఏడు చుక్కలూ అక్కడే ఉన్నాయి.

అతను ఆ తలుపు దగ్గర ఆగాడు.

చాలాసేపు చూశాడు. పేపరు మీద చెయ్యి తలుపు అంచు ఎత్తులో పట్టుకున్నాడు, జానెడు. తర్వాత ఆ చెయ్యి మెల్లగా పైకి, తన ఛాతీ దాకా ఎత్తాడు. తర్వాత తల తిప్పి నా వైపు చూశాడు.

నాకప్పుడు తట్టింది. జానెడు ఎత్తునుంచి పడ్డ చుక్క గుండ్రంగా, ఒంటరిగా కూర్చుంటుంది. నిలబడి పోస్తే చిట్లి, చుట్టూ పిల్లల్ని పెడుతుంది. మిగతా పేపర్లన్నిటి మీదా గుండ్రటి చుక్కలు. ఈ పేపరు మీద ఏడు తల్లులు, డెబ్బై పిల్లలు. మైనం పనివాడు ఎవడైనా ఒంగి పోసేవాడు. నేను ఆ రోజు కడుపుమంట మీద ఒంగడం మర్చిపోయాను. పొద్దస్తమానం రంగు చిమ్మేవాడికి చిట్లిన చుక్క సంగతి ఒకరు చెప్పాలా?

నేనే అతని జాగాలో ఉంటే ఈపాటికి వీధి చివరిదాకా వినబడేలా చెప్పేవాణ్ణి.

"ఇక్కడా వచ్చింది మావయ్యా," అన్నాడు అద్దం. "ఏడు చుక్కలు."

మావగారు తల ఊపారు. నేనున్న వైపు మొహం తిప్పారు. కళ్లజోడు లేక ఆయన కళ్లు చిన్నవిగా, మెత్తగా ఉన్నాయి.

"బాగుంది అల్లుడూ," అన్నారు.

ఏడేళ్లు. ఆ మాట వస్తే ఏం చెయ్యాలో ఎన్నిసార్లు అనుకున్నానో. అరవాలనీ, గెంతాలనీ, వీధంతా పిలిచి మళ్లీ చెప్పించాలనీ. తీరా వచ్చాక నోట్లో తుప్పు రజను పడ్డట్టుంది. మింగలేను, ఉమ్మలేను. పైగా ఇంకో మంట. అద్దం పొడుగు, శుభ్రం, పనిమంతుడు, సరే. మంచివాడు కూడానా? ఇక నాకు మిగిల్చిందేముంది?

ఇంతలో మా అత్తగారు ఇస్త్రీ చీర కట్టుకుని, చేతిలో సంచీతో అక్కగారింటికి బయల్దేరి వచ్చారు. ఆకాశం నల్లగా ఉంది. దూరంగా ఉరుముతోంది. మావగారికి చూపు సరిగ్గా ఆనదు కాబట్టి అద్దం నడుపుతాడు, మావగారు వెనక కూర్చుంటారు, అత్తగారు తన పాత సీట్లోనే కూర్చుంటానన్నారు. తలుపు పిడి మీద చెయ్యి వేసి నా వైపు చూసి నవ్వారు.

"ఈ తలుపులో నీళ్లు నిలిచేవి బాబూ. మలుపు తిరిగితే చాలు, గలగలమనేది. మీ మావయ్య ఎన్నిసార్లు బాగుచేసినా మళ్లీ అంతే. ఒకసారి నా కాళ్ల మీదికి కారి చెప్పులు నానిపోయాయి. ఇప్పుడు ఆ చప్పుడుండదు కదా?"

ఏటిలో తేలే కారు కథ ఎన్ని వందలసార్లు చెప్పానో, ఎప్పుడూ తడబడలేదు. ఈ చిన్న ముక్కకి, ఉండదత్తయ్యా అనడానికి నా నోరు పెగల్లేదు.

"ఎక్కకండి అత్తయ్యా," అన్నాను. "ఈ తలుపులో నేను మైనం కొట్టలేదు."

మావగారు బల్ల మీంచి లేవలేదు. "మరి చుక్కలు?"

"నిలబడి పోశాను."

షెడ్డు రేకుల మీద మొదటి చినుకులు పడ్డాయి. ఆయన అద్దం వైపు తిరిగారు. "నువ్వు చూశావా?"

"చూశాను మావయ్యా."

నన్ను తిడతారనుకున్నాను. ఎందుకు చేశావని అడుగుతారనుకున్నాను, దానికి నలభై అబద్ధాలు సిద్ధం చేసుకున్నాను. ఆయన తలుపు విప్పమన్నారు, ఇద్దర్నీ. అత్తగారు సంచీ కింద పెట్టి, ఆయన పక్కన బల్ల మీద కూర్చుని, ఇన్నేళ్లాగినదాన్ని మూడు రోజులు ఆగలేనా అన్నారు. నా వైపు మాత్రం చూడలేదు. ఆ ఒక్క చూపు లేకపోవడం మావగారి తిట్టుకంటే గట్టిగా తగిలింది.

తలుపు లోపలి అట్ట విప్పుతూ పక్కపక్కన కూర్చున్నాం. అద్దం మరలు తీసి నా అరచేతిలో పెడుతున్నాడు. పైన వాన గట్టిగా ఉంది, మా మాటలు బల్ల దాకా వెళ్లవు.

"ఎందుకు చెప్పలేదురా?" అన్నాను.

"చెప్దామనే అనుకున్నా అన్నయ్యా. నాలిక చివర్న ఉంది. ఎంత సంతోషం వేసిందో తెలుసా? ఏడేళ్లకి దొరికావు కదా అని. అంత సంతోషం వేసేసరికి నాకే భయమేసింది."

"నామీద నీకేం రా? బాగుందంటే నిన్నేగా అన్నది. రెండుసార్లు."

అతను మరను పంటి కింద పెట్టుకుని అట్ట అంచు లాగాడు. తర్వాత తీసి నా చేతిలో వేశాడు.

"నా రంగుని ఆయన నిలబడి చూస్తాడు. ఒక్క నిమిషం. బాగుందంటాడు, పోతాడు. నీ పనికి రోజూ పడుకుంటాడు అన్నయ్యా. డెబ్బై ఏళ్ల మనిషి, వెల్లకిలా, అరగంట. కళ్లజోడు విరగ్గొట్టుకున్నాడు నీ పని చూడ్డానికి. నా పని కోసం ఆయన ఎప్పుడైనా ఒంగాడా?"

నేను అతని మొహం చూశాను. ఎగతాళి లేదు. ఏడేళ్లుగా నేనొక వైపు మండుతుంటే ఇతను ఇంకో వైపు మండుతున్నాడన్నమాట. మా ఇద్దరి మీదా నీళ్లు కాచుకుంటే మావగారికి స్నానానికి కట్టెల ఖర్చు ఉండేది కాదు.

మైనం వెచ్చబెట్టాను. అద్దం లైటు పట్టుకున్నాడు. గొట్టం తోసి, మీట నొక్కి, వేలు నొప్పెట్టేదాకా వదల్లేదు. ఆ తలుపు పొట్టలో ఇప్పుడు ఎంత మైనం ఉందంటే, తేనెటీగలు వచ్చి అద్దెకిస్తారా అని అడిగాయి.

మూడు రోజులు కారుని కదపలేదు. నేను మాత్రం పేపరు వైపు కన్నెత్తి చూడలేదు, పద్ధతి పద్ధతే. ఆ మూడు రోజులూ అత్తగారు నాకు అన్నం వడ్డించారు గాని బాబూ అనలేదు. కళ్లజోడు చెప్పినదానికంటే ముందే వచ్చింది. మూడో రోజు పొద్దున మావగారు అది పెట్టుకుని, టార్చి వెలిగించి, చెక్క మీద పడుకుని కిందికి జారారు. బయటికి ఆయన బూట్లు మాత్రమే కనబడుతున్నాయి. ఎప్పుడూ కిందినుంచి చూసే నేను పైన నిలబడి, ఇంకొకరి కాళ్లు చూస్తున్నాను. నా పక్కన అద్దం.

అరగంట. ముప్పావుగంట. బూట్లు కదిలాయి. మావగారు జారుకుంటూ బయటికొచ్చి, కూర్చుని, చొక్కా దులుపుకున్నారు. ముక్కు మీద నల్ల చుక్క. తలుపు కింది పేపరు చేతిలో ఉంది. దాన్ని దగ్గరగా పెట్టుకుని చుక్క చుక్కనీ చూశారు. అన్నీ గుండ్రంగా ఉన్నాయని ఆయన మొహమే చెప్పింది.

"పర్లేదు," అన్నారు.

అద్దం మోచేత్తో నన్ను పొడిచాడు. నేను గట్టిగా ముక్కు చీదుకున్నాను. వానకి జలుబు చేసింది, అంతే.

అత్తగారు అదే ఇస్త్రీ చీరలో వచ్చారు. తలుపు తెరిచి కూర్చుని, అరచేత్తో లోపలి అట్టని రెండుసార్లు తట్టారు. "గలగల లేదు బాబూ," అన్నారు. ఈసారి కళ్లజోడుతో మావగారే స్టీరింగు పట్టుకున్నారు. కారు గేటు దాటి ఎత్తు ఎక్కింది. ఎక్కుతున్నప్పుడు అడుగంతా ఒక్క క్షణం కనబడింది, నల్లగా, నున్నగా. నేను అదే చూస్తున్నాను. అద్దం పైన ఆకుపచ్చ రంగు చూస్తున్నాడు. మలుపు దగ్గర అత్తగారు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఊపారు.

నాకే ఊపారు. అద్దం తనకే అంటాడు. ఈ మధ్య అతనికి కళ్లు సరిగ్గా ఆనడం లేదు, పాపం.